అమ్మవారు - టీకా: తెలుగునాట బాలల అంటువ్యాధుల పరిచర్య, నివారణల చరిత్ర

వ్యాససంగ్రహం

మశూచి, ఆటలమ్మ, తట్టు, కోరింత దగ్గు, కంఠసర్పి వంటి వ్యాధులు తెలుగునాట బాల్యాన్ని తరతరాలుగా పీడించాయి. వీటిని ఎదుర్కొన్న తీరులో రెండు పాయలు కనిపిస్తాయి. ఒకటి ఇంట్లో స్త్రీలు చేసిన పరిచర్య. రెండోది ప్రభుత్వాలు చేపట్టిన నివారణ. నివారణకు చట్టాలు, నివేదికలు, గణాంకాలు సాక్ష్యంగా ఉన్నాయి. పరిచర్యకు మాత్రం భాషే ప్రధానసాక్ష్యం. ఈ రెండు సాక్ష్యాలను పక్కపక్కన పెట్టి చదివినప్పుడు, బిడ్డ పక్కన ఉన్న స్త్రీని అడ్డంకిగా చూసిన కాలంలో నివారణ తడబడిందనీ, ఆమెను భాగస్వామిగా గుర్తించిన కొద్దీ నిలదొక్కుకుందనీ నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: అమ్మవారు, మశూచి, తట్టు, పరిచర్య, టీకా, కోరంటి, ప్రజారోగ్యచరిత్ర.

1. ఉపోద్ఘాతం

ఇంటి గుమ్మానికి వేపమండ కట్టి ఉంటే ఆ ఇంట ఎవరికో "అమ్మవారు పోసింది" అని తెలుగు పల్లెల్లో దారిన పోయేవారికి కూడా అర్థమయ్యేది. అది ఏకకాలంలో భక్తిచిహ్నం, హెచ్చరిక, సాయం చేయదలచిన వారికి సూచన. ఏ కార్యాలయమూ జారీ చేయని ఈ ప్రకటనను చదవడం ఊరందరికీ వచ్చు. అయితే ఆ గుమ్మం దాటి లోపల ఏం జరిగేదో చెప్పే లిఖితాధారాలు చాలా తక్కువ.

భారతీయ వైద్యశాస్త్రం పరిచర్యను చిన్నచూపు చూడలేదు. చికిత్సకు నాలుగు పాదాలున్నాయని చరకసంహిత సూత్రస్థానం ప్రతిపాదించింది. అవి వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి. పరిచారకునికి ఉపచారజ్ఞత, దాక్ష్యం, అనురాగం, శౌచం అనే నాలుగు గుణాలు ఉండాలని కూడా అది నిర్దేశించింది. శాస్త్రం ఇంత స్పష్టంగా గుర్తించిన ఈ మూడో పాదానికి చరిత్రరచనలో దక్కిన చోటు స్వల్పం. బాలల వ్యాధుల విషయంలో ఈ లోటు మరింత ఎక్కువ. అక్కడ పరిచారకుడు అంటే ఆచరణలో తల్లి, అమ్మమ్మ, నాయనమ్మ, లేదా పెద్దక్క. వీరు చేసినది ఇంటిపనిలో కలిసిపోయింది కాబట్టి చరిత్రగా నమోదు కాలేదు.

2. వ్యాధి నామాలు: పలుకుబడిలో దాగిన పరిశీలన

ఎనిమిదో శతాబ్దం నాటికే మాధవనిదానం 'మసూరిక'కు ప్రత్యేకాధ్యాయం కేటాయించింది. పొక్కు మసూరపప్పు బద్ద ఆకారంలో ఉంటుందనే పోలిక ఆ పేరుకు మూలం. ఇదే తెలుగులో మశూచికం, మశూచి అయింది. ఇది శాస్త్రం పెట్టిన పేరు. జనం పెట్టుకొన్న పేర్లు వేరు. పెద్దమ్మవారు అంటే మశూచి. చిన్నమ్మవారు, ఆటలమ్మ, తట్టు, పొంగు అనేవి తేలికపాటి పొక్కుల, దద్దుర్ల జ్వరాలకు ప్రాంతాన్ని బట్టి వాడుకలో ఉన్నవి. ఒకే పేరు ఒకచోట ఒక వ్యాధికీ, మరొకచోట మరొక వ్యాధికీ వర్తించడం ఉంది. అయినా పెద్ద, చిన్న అనే భేదాన్ని పాటించడం గమనార్హం. ప్రాణం తీసే పొక్కు ఏదో, తగ్గిపోయే పొక్కు ఏదో పోల్చుకొన్న అనుభవం ఈ విభజనలో ఉంది.

ఈ నామాలతో వచ్చే క్రియలు కూడా పరిశీలించదగినవి. అమ్మవారు 'పోసింది' అంటారు; ఆమె ఒంటిపై పొక్కులను పోసిందని భావం. తగ్గుముఖం పట్టినప్పుడు 'దిగింది' అంటారు. రోగం వచ్చిందని గానీ, రోగం పోయిందని గానీ అనరు. పొక్కులను ముత్యాలుగా భావించడం ముత్యాలమ్మ పేరులో నిలిచింది. కోస్తాలో పోలేరమ్మ, తెలంగాణలో పోచమ్మ ఈ వ్యాధులకు అధిదేవతలు. భయం గొలిపే దాన్ని గౌరవవాచకంతో పిలవడం మంగళభాషితం మాత్రమే కాదు. ఆ మాట ఇంటి నడవడికను కూడా మార్చేది. రోగి దేవత ఆవహించిన బిడ్డ కాబట్టి కసరకూడదు, కొట్టకూడదు, ఆమె పడుకొన్న చోట మైల ఉండకూడదు. ఈ విధినిషేధాలు పరిచర్యకు కావలసిన ఓర్పును, శుభ్రతను ధర్మంగా మార్చాయి.

'అంటు' అనే మాటకు మరో పార్శ్వం ఉంది. అంటువ్యాధిలోని అంటూ, అంటరానితనంలోని అంటూ ఒకే ధాతువు నుంచి వచ్చాయి. సోకుడును గుర్తించిన సమాజమే ఆ భావాన్ని కొందరు మనుషుల పుట్టుకకు అంటగట్టింది. విచిత్రమేమంటే ఊరిపై అమ్మవారు విరుచుకుపడినప్పుడు ఆమెను శాంతింపజేసే అధికారం ఆసాదులకు, బైండ్లవారికి, మాతంగులకు ఉండేది. మామూలు రోజుల్లో దూరం పెట్టిన వారినే ఆపదలో ముందుకు పిలిచారు. పొక్కుల రసి అంటిన గుడ్డల ద్వారా కూడా మశూచి సోకేది. ఆ గుడ్డలు ఉతికిన చేతుల గురించి మన చరిత్రలు దాదాపుగా మాట్లాడవు.

3. ఇంటి పరిచర్య: మేలు, హద్దులు

అమ్మవారు పోసిన ఇంటి ఆచారాలు తెలుగునాట చాలాచోట్ల ఒకే తీరుగా ఉంటాయి. బిడ్డను వెలుతురు తక్కువగా ఉన్న గదిలో మెత్తని గుడ్డ మీద పడుకోబెడతారు. గోకకుండా వేపాకు రెమ్మతో నిమురుతారు. ఇంట్లో తాలింపు వేయరు, నూనెలో వేయించరు. చలవ చేసే పెరుగన్నం, మజ్జిగ, కొబ్బరినీళ్ళు ఇస్తారు. బయటివారిని లోపలికి రానివ్వరు. ఇంట్లోంచి నిప్పు గానీ, బిచ్చం గానీ బయటకు ఇవ్వరు. పొక్కులు మాడాక వేపాకు, పసుపు వేసి ఎండకు కాగిన నీళ్ళు పోస్తారు. అమ్మవారికి నివేదించే చలివిడి, పానకం, వడపప్పు కూడా చలవ పదార్థాలే. దేవతను చల్లబరచడం, బిడ్డను చల్లబరచడం అనే రెండూ ఒకే భావనలో ఇమిడిపోయాయి.

వీటిని నేటి వైద్యపరిజ్ఞానంతో పోల్చినప్పుడు కొన్నిటికి గట్టి సమర్థన దొరుకుతుంది. గోకడం వల్ల పొక్కులు చితికి చీము పట్టడమే ఆటలమ్మలో సాధారణంగా వచ్చే ఉపద్రవం. కనుక గోకకుండా చూడడం, గోళ్ళు కత్తిరించడం నేటికీ నర్సులు చెప్పే మాటే. జ్వరంలో ద్రవాలు ఇవ్వడం, విశ్రాంతి, ఎవరో ఒకరు ఎల్లవేళలా పక్కన ఉండడం అన్నీ ప్రాణాన్ని నిలిపేవే.

కొన్ని ఆచారాలు హాని కూడా చేశాయి. అమ్మవారికి మందు వేయకూడదనే నమ్మకం న్యుమోనియా, నిర్జలీకరణం వంటి ఉపద్రవాల్లో చికిత్సను ఆలస్యం చేసింది. పథ్యం పేరిట పప్పు, కూర, నూనె మాన్పించడం వల్ల అసలే బక్కచిక్కిన బిడ్డ మరింత నీరసించింది. గృహనిర్బంధానికి కూడా ఒక హద్దు ఉంది. తట్టు సోకిన బిడ్డ నుంచి దద్దుర్లు కనబడడానికి సుమారు నాలుగు రోజుల ముందు నుంచే వ్యాధి ఇతరులకు పాకుతుంది. ఆటలమ్మ ఒకటి రెండు రోజుల ముందు నుంచే పాకుతుంది. గుమ్మానికి వేపమండ కట్టేనాటికే వీధిలో తోటిపిల్లలకు అంటుకొని ఉంటుంది. మశూచి మాత్రం ఇందుకు భిన్నం. పొక్కులకు ముందు అది దాదాపుగా వ్యాపించదు. కాబట్టి పెద్దమ్మవారి విషయంలో వేపమండ హెచ్చరిక సకాలంలో పనిచేసేది. చిన్నమ్మవారి విషయంలో ఆలస్యమయ్యేది. టీకా వేసుకోనివారిలో సుమారు 30 శాతం మందిని పొట్టనబెట్టుకొన్న మశూచిని ఏ పరిచర్యా నయం చేయలేకపోయింది. పరిచర్య బాధను తగ్గించింది, కొన్ని ప్రాణాలను కాచింది. వ్యాధి రాకుండా ఆపడానికి మరో మార్గం అవసరమైంది.

ఇంటి లోపలి ఈ పని నమోదు కాకపోవడానికి ఒక కారణం పరిశీలకుల స్థానం. ఎల్మోర్ 1915లో, హెన్రీ వైట్‌హెడ్ 1916లో దక్షిణాది గ్రామదేవతలపై ప్రచురించిన గ్రంథాలు తెలుగు ప్రాంతపు కొలుపులను శ్రద్ధగా వర్ణించాయి. బలులకు, ఊరేగింపులకు అక్కడ దక్కిన చోటు రోగి పక్కన మేల్కొన్న తల్లికి దక్కలేదు. జాతర వీధిలో జరిగింది కాబట్టి కనబడింది. పరిచర్య లోపలి గదిలో జరిగింది కాబట్టి కనబడలేదు.

4. టీకా రాక - తల్లి అభ్యంతరం

ఎడ్వర్డ్ జెన్నర్ 1796లో ఆవుమశూచి రసితో చేసిన ప్రయోగం 1798లో గ్రంథరూపం పొందింది. నాలుగేళ్ళకే ఆ రసి భారతదేశం చేరింది. 1802 జూన్ 14న బొంబాయిలో అన్నా డస్ట్‌హాల్ అనే మూడేళ్ళ పాపకు వేసిన టీకా ఈ దేశంలో మొదటిది. అదే సంవత్సరం మద్రాసు రాజధానికి కూడా టీకా చేరింది. అప్పటికి శీతలయంత్రాలు లేవు. ఎండకు రసి చెడిపోయేది. అందుకని ఒక బిడ్డ చేతిపై లేచిన పొక్కు నుంచి రసి తీసి మరో బిడ్డ చేతికి ఎక్కించేవారు. ఇలా చేతి నుంచి చేతికి నడిచిన పిల్లల గొలుసు మీదుగా టీకా దేశమంతటా ప్రయాణించింది. నివారణచరిత్రలో ఆ పిల్లలు వాహకాలు. వారిలో బహుకొద్దిమంది పేర్లే నేడు మిగిలాయి.

ఈ పద్ధతిని తల్లుల వైపు నుంచి చూడాలి. టీకా వేయించిన వారం తర్వాత బిడ్డను మళ్ళీ తీసుకురావాలి. అప్పుడప్పుడే వాపెక్కిన పొక్కును గీరి రసి తీస్తారు. బిడ్డ ఏడుస్తుంది, పుండు ముదరవచ్చు, ప్రయోజనం మాత్రం మరొకరి బిడ్డకు. పైగా ఒక కులం బిడ్డ రసి మరో కులం బిడ్డ ఒంట్లోకి వెళుతుందన్న అభ్యంతరం ఉండేది. ఈ రెండు కారణాలను ఒకే గాటన కట్టకూడదు. రెండోది కులసమాజపు అహంకారం. మొదటిది ఏ తల్లికైనా సహజమైన సంకోచం. వలసపాలన నివేదికలు చాలావరకు ఈ రెంటినీ 'మూఢవిశ్వాసం', 'పక్షపాతం' అనే మాటల కింద కలిపివేశాయి. చేతి నుంచి చేతికి మార్చే పద్ధతిలో ఇతర రోగాలు సోకే ప్రమాదం ఉందని వైద్యులే తర్వాత అంగీకరించారు. పందొమ్మిదో శతాబ్ది చివరి దశాబ్దాల్లో దూడల నుంచి తీసిన రసి క్రమంగా దాని స్థానాన్ని ఆక్రమించింది. అంటే తల్లి చెప్పిన అభ్యంతరంలో ఒక భాగం శాస్త్రీయంగా సరైనదే.

టీకా అనే మాట చరిత్ర కూడా ఇక్కడ ప్రస్తావించదగినది. బొట్టు, గుర్తు అనే అర్థంలో ఉత్తరాది భాషల్లో ఉన్న ఈ పదం జెన్నర్ పద్ధతికి పూర్వమే బెంగాల్ ప్రాంతంలో మశూచి రసినే ఎక్కించే పాత పద్ధతికి వాడుకలో ఉంది. ఆ పని చేసేవారిని టీకాదారులు అనేవారు. కొత్త పద్ధతి పాత పేరునే తొడుక్కొని వచ్చింది. తెలుగులో అప్పటికే వ్యాఖ్యానం అనే అర్థంలో టీకా ఉన్నప్పటికీ, జనవ్యవహారంలో చేతిపై మచ్చను మిగిల్చే టీకాయే స్థిరపడింది.

5. చట్టం, సంస్థ, ఆసుపత్రి

1880లో భారత టీకాల చట్టం, 1884లో మద్రాసు టీకాల చట్టం వచ్చాయి. వాటితో పురపాలక ప్రాంతాల్లో శిశువులకు టీకా తప్పనిసరి చేసే అధికారం ప్రభుత్వానికి ఏర్పడింది. 1899లో మద్రాసు గిండీలో స్థాపితమైన సంస్థ కింగ్ ఇన్‌స్టిట్యూట్‌గా ప్రసిద్ధి చెంది, కోస్తాంధ్ర, రాయలసీమ జిల్లాలతో కూడిన రాజధాని అంతటికీ టీకామందు సరఫరా చేసింది. 1939 నాటి మద్రాసు ప్రజారోగ్యచట్టం అంటువ్యాధులను తెలియజేయడం, రోగులను వేరుగా ఉంచడం వంటి విధులను ఒకచోట చేర్చింది.

చట్టాలు చెప్పని పని ఆసుపత్రుల్లో మొదలైంది. 1883లో గుంటూరు చేరిన అమెరికా లూథరన్ వైద్యురాలు అన్నా సారా కుగ్లర్ 1898లో అక్కడ స్త్రీలకు, పిల్లలకు ఆసుపత్రిని నెలకొల్పారు. ఆమె 1928లో ఆ ఆసుపత్రి అనుభవాలను గ్రంథంగా కూర్చారు. మిషన్ ఆసుపత్రుల్లో స్థానిక స్త్రీలకు నర్సులుగా శిక్షణ ఇవ్వడంతో, అప్పటిదాకా ఇంటి గోడల మధ్య ఉన్న పరిచర్య జీతం, చదువు, గౌరవం గల వృత్తి కావడం ఆరంభమైంది. మలమూత్రాలు, చీము తాకే పనిని మైలగా చూసిన సమాజంలో, తొలి తరం నర్సులలో గణనీయభాగం క్రైస్తవం స్వీకరించిన అణగారిన కుటుంబాల నుంచి రావడం యాదృచ్ఛికం కాదు.

నిజాం రాష్ట్రంలో మరో ముఖ్యసంస్థ ఏర్పడింది. 1915లో హైదరాబాదులో ఎర్రన్నగుట్ట వద్ద అంటువ్యాధులకు నెలకొల్పిన ఆసుపత్రి 1923లో నల్లకుంటకు మారింది. 'క్వారంటైన్' అనే మాట జనం నోట 'కోరంటి' అయింది. ఆసుపత్రి 'కోరంటి దవాఖానా' అయింది. పాలన తెచ్చిన పరాయిమాటను జనం తమ నుడికారంలోకి మలచుకొన్నారు. కంఠసర్పితో గొంతు పూడుకుపోయిన పిల్లలను తరతరాలుగా తీసుకువెళ్ళిన చోటు అది. ఈ వ్యాధిలో పరిచర్య ఎంత కీలకమో వైద్యవిధానమే చెబుతుంది. విషహారిణి సూదిమందు ఇచ్చాక కూడా గొంతులోని పొర ఊపిరికి అడ్డుపడకుండా అనుక్షణం కనిపెట్టాలి. గుండె కండరం దెబ్బతినే ప్రమాదం ఉన్నందువల్ల బిడ్డను వారాల తరబడి మంచం దిగనివ్వకూడదు. కోరింత దగ్గులో బిడ్డ దగ్గి దగ్గి వాంతి చేసుకొన్న తర్వాత మళ్ళీ కొంచెం కొంచెంగా తినిపించాలి. ఇవన్నీ మందుసీసా మీద రాసి ఉండని పనులు.

6. మశూచి నిర్మూలన నుంచి సార్వత్రిక టీకాల దాకా

స్వాతంత్ర్యం తర్వాత నివారణ వేగం పుంజుకొంది. 1948లో క్షయనివారణకు బి.సి.జి. టీకాను తొలిసారి పరీక్షించిన కేంద్రాల్లో మదనపల్లె ఒకటి. జాతీయ మశూచి నిర్మూలన కార్యక్రమం 1962లో మొదలైంది. చెడిపోని పొడిటీకా, రెండు మొనల సూది వచ్చాయి. అందరికీ టీకా వేయడంతో పాటు, రోగి ఉన్న ఇంటిని వెతికి చుట్టూ ఉన్నవారికి వెంటనే టీకా వేసే వ్యూహం రూపొందింది. దక్షిణాది రాష్ట్రాలు ఉత్తరాది కంటే ముందే మశూచి నుంచి బయటపడ్డాయి. 1975 మే నెలలో దేశంలో చివరి కేసులు నమోదయ్యాయి. 1980 మే 8న ప్రపంచ ఆరోగ్యసభ లోకానికి మశూచి విముక్తి ప్రకటించింది.

ఈ వ్యూహం పొక్కు కనబడ్డాకే మశూచి వ్యాపిస్తుందనే లక్షణంపై ఆధారపడింది. ఏ ఇంట అమ్మవారు పోసిందో తెలిస్తేనే అది సాధ్యం. ఆ విషయం మొదట తెలిసేది ఆ ఇంటి స్త్రీకి, తర్వాత ఇరుగుపొరుగుకు. అందుకే సిబ్బంది పొక్కుల బొమ్మ ఉన్న కార్డులు పట్టుకొని బళ్ళలో, సంతల్లో, ఇంటింటా అడిగారు. సమాచారం చెప్పినవారికి బహుమతి ప్రకటించారు. చివరి దశలో అది వెయ్యి రూపాయలు. తల్లిని మందలించే నివారణ, తల్లిని అడిగి తెలుసుకొనే నివారణగా మారడం ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

1978లో విస్తృత టీకాల కార్యక్రమం, 1985లో సార్వత్రిక టీకాల కార్యక్రమం ఆరంభమయ్యాయి. క్షయ, పోలియో, కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం, తట్టు అనే ఆరు పేర్లు గోడరాతలుగా ప్రతి ఊరికీ చేరాయి. ఉపకేంద్రంలోని ఎ.ఎన్.ఎం. ఈ కార్యక్రమానికి వెన్నెముక. మంచుపలకలు పేర్చిన పెట్టెను భుజాన వేసుకొని, టీకామందును 2 నుంచి 8 డిగ్రీల మధ్య కాపాడుకొంటూ ఆమె గ్రామాలకు నడిచింది. టీకా వేయడంతో ఆమె పని ముగియదు. జ్వరం వస్తే ఏం చేయాలో, మళ్ళీ ఎప్పుడు రావాలో తల్లికి చెప్పాలి. పరిచర్య, నివారణ ఒకే వ్యక్తిలో కలిసింది ఇక్కడే. 1995లో మొదలైన పల్స్ పోలియో ఇదే దారిలో నడిచింది. 2011 జనవరి 13న హౌరాలో చివరి కేసు బయటపడగా, 2014 మార్చి 27న భారతదేశం పోలియో రహితంగా ధ్రువీకరణ పొందింది.

7. తట్టు: రెండు పాయలు కలిసే చోటు

పరిచర్య, నివారణల పరస్పరతకు తట్టు మంచి ఉదాహరణ. తట్టు బిడ్డ శరీరంలోని విటమిన్ ఎ నిల్వలను హరిస్తుంది. పోషణలోపం ఉన్న బిడ్డకు పథ్యం తోడైతే కంటి నల్లగుడ్డు మెత్తబడి చూపు పోవచ్చు. 'అమ్మవారు కళ్ళు తీసుకుంది' అనుకొన్న సందర్భాలు కొన్నింటిలో కళ్ళు తీసింది వ్యాధి ఒక్కటే కాదు, పేదరికమూ పథ్యమూ కూడా. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చేసిన క్షేత్రపరిశోధన ఆధారంగా, పిల్లలకు ఆరు నెలలకోసారి పెద్ద మోతాదులో విటమిన్ ఎ ఇచ్చే జాతీయ కార్యక్రమం 1970లో మొదలైంది. నేడు తొమ్మిది నెలలు నిండిన బిడ్డకు తట్టు-రుబెల్లా టీకాతో పాటే లక్ష యూనిట్ల విటమిన్ ఎ తొలి మోతాదు ఇస్తారు. తట్టు సోకిన బిడ్డకు వరుసగా రెండు రోజులు విటమిన్ ఎ ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్యసంస్థ సూచించింది. ఒకటి నివారణ, మరొకటి పరిచర్య. మందు మాత్రం ఒకటే. 2017లో తెలుగు రాష్ట్రాల్లో తట్టు-రుబెల్లా టీకాల ప్రత్యేక కార్యక్రమం జరిగింది.

ఇక్కడ తల్లితో మాట్లాడే భాష నిర్ణాయకమవుతుంది. 'అమ్మవారు అనేది మూఢనమ్మకం' అని మొదలుపెడితే సంభాషణ అక్కడే ఆగిపోతుంది. బిడ్డను చల్లగా ఉంచడం, గోకకుండా చూడడం, వేరుగా పడుకోబెట్టడం మంచివని ఒప్పుకొని, పప్పు, ఆకుకూర, గుడ్డు, పాలు మాన్పించవద్దనీ, ఆయాసం వస్తే ఆలస్యం చేయవద్దనీ చెబితే మాట లోపలికి వెళుతుంది. పాత ఆచారంలో ఏది నిలుపుకోవాలో, ఏది విడిచిపెట్టాలో తేల్చడానికి ఆ ఆచారాన్ని ముందు తెలుసుకోవాలి.

8. ముగింపు

ఈ పరిశీలన వల్ల కింది అంశాలు తేలుతున్నాయి.

1. బాలల అంటువ్యాధులకు తెలుగులో ఉన్న పేర్లు, క్రియలు కేవలం విశ్వాసాన్ని కాక, వ్యాధి తీవ్రతను, సోకే తీరును, పరిచర్యక్రమాన్ని గుర్తించిన అనుభవాన్ని కూడా భద్రపరిచాయి.

2. గృహపరిచర్య బాధను తగ్గించింది. దద్దుర్లకు ముందే పాకే వ్యాధులను అది ఆపలేకపోయింది. కొన్ని నిషేధాల వల్ల హాని కూడా చేసింది. దాన్ని కీర్తించడమో, కొట్టిపారేయడమో రెండూ చరిత్ర కావు.

3. తొలినాటి టీకాపై వచ్చిన వ్యతిరేకతలో కులభావన, మాతృసహజమైన సంకోచం వేర్వేరు పొరలు. వీటిని విడదీసి చదవాలి.

4. ఇంటి స్త్రీని, గ్రామంలోని ఆరోగ్య కార్యకర్తను భాగస్వాములుగా గుర్తించిన దశలోనే నివారణ గుమ్మం దాటి లోపలికి ప్రవేశించగలిగింది.

పెద్దమ్మవారు పోసిన బిడ్డ పక్కన కూర్చొన్న తరం కనుమరుగవుతోంది. మశూచి టీకా మచ్చ ఉన్న చేతులు కూడా ఏటేటా తగ్గిపోతున్నాయి. ఆ స్త్రీల నోట మిగిలిన మాటలను, వారు చేసిన ఉపచారాలను, పాటించిన పథ్యాలను ప్రాంతాలవారీగా సేకరించడం తెలుగు శాఖల పరిశోధకులు వెంటనే చేపట్టవలసిన పని. దస్తావేజులు భాండాగారాల్లో ఎదురుచూడగలవు. ఈ సాక్షులకు అంత వ్యవధి లేదు.